గోడకు అయిదడుగుల దూరంలో

యూబా సిటీ దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరి మళ్ళు మొదలయ్యాయి. కోతలు అయిపోయాయి. మోళ్ళ మధ్య తెల్లకొంగలు తిరుగుతున్నాయి. అక్క కారు అద్దం కొంచెం దించింది. ఎండుగడ్డి వాసన లోపలికి వచ్చింది.

"కళ్ళు మూసుకుంటే తెనాలి రోడ్డే కదరా," అంది.

ఉత్తర కాలిఫోర్నియాలో ఇంత వరి పండుతుందని చూసేదాకా నాకూ తెలీదు. కానీ గాలి మాత్రం మన గాలి కాదు. ఉత్తరం నుంచి పొడిగా, విసురుగా వస్తోంది. పెదవులు పగిలిపోతున్నాయి. ఫోన్‌లో రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక వచ్చింది. ఈ రోజు, రేపు ఎక్కడ నిప్పు పుట్టినా ఆగదని దానర్థం. ఇక్కడివాళ్ళు ఆ మాటను మన తీరం తుఫాను హెచ్చరికను విన్నట్టు వింటారు. అక్టోబరు, నవంబరు నెలలు మనకి తుఫాన్ల కాలం, వీళ్ళకి నిప్పుల కాలం.

వెనక సీటు మీద తెల్ల కవరు ఉంది. అక్క వాళ్ళుండేది శాక్రమెంటోకి తూర్పున, సియెరా కొండలు మొదలయ్యే చోట, ఎల్ డొరాడో హిల్స్‌లో. అక్కడా ఆ పక్కన ఫోల్సమ్‌లోనూ తెలుగువాళ్ళ ఇళ్ళు చాలా ఉన్నాయి. పధ్నాలుగేళ్ళుగా ఒక్క క్లెయిము పెట్టకుండా ప్రీమియం కడుతున్న ఇంటికి, ఇక మీదట బీమా కొనసాగించలేమని కంపెనీ ఉత్తరం రాసింది. డెబ్బయి అయిదు రోజుల గడువు. కారణం ఒక్క ముక్క: కార్చిచ్చు ప్రమాదం. ఆ కవరు వచ్చిన రోజు రాత్రి అక్కకి నిద్ర పట్టలేదట. బీమా లేకపోతే బ్యాంకు ఊరుకోదు. బీమా దొరకని ఇంటిని కొనేవాడూ ఉండడు.

ఇంటిని ఎలా కాపాడుకోవాలో చెప్పే కాగితాలు ఇంటర్నెట్‌లో బోలెడు ఉన్నాయి. అక్క అన్నీ చదివింది. "చదివితే నాకు ఎక్కదురా. కాలి, మళ్ళీ కట్టుకున్న ఊరొకటి రెండు గంటల దూరంలో ఉంది. కళ్ళతో చూద్దాం పద," అని నన్ను బయల్దేరదీసింది.

ఆ ఊరి పేరు ప్యారడైజ్.

చికో దగ్గర హైవే వదిలి స్కైవే ఎక్కాం. పేరుకు తగ్గట్టే రోడ్డు పైకి పైకి పోతుంది. ఎడమవైపు బ్యూట్ క్రీక్ లోయ నోరు తెరుచుకుని ఉంది. ఎండిన గడ్డి గోధుమ రంగులో మెరుస్తోంది. అక్కడక్కడా నల్లబడ్డ ఓక్ మొదళ్ళు, వాటి అడుగు నుంచి లేచిన పచ్చటి పిలకలు. ఇక్కడ రెండు వైపులా లోయలే. వాటి నడుమ వెన్నుపూసలా సాగిన మెట్ట మీద, దాదాపు పద్దెనిమిది వందల అడుగుల ఎత్తున, పైన్ చెట్ల నీడలో ఊరు. ఒకప్పుడు బంగారం కోసం వచ్చారు, తర్వాత ఆపిల్ తోటలు వేశారు, ఆ తర్వాత తక్కువ ధరలో ఇల్లు దొరుకుతుందని పదవీ విరమణ చేసినవాళ్ళు చేరారు. 2018లో ఇరవయ్యారు వేల పైచిలుకు జనం.

ఈ రోడ్డు మీద ఒక్క నిమిషం ఆగండి. 2018 నవంబరు 8, గురువారం. మన ఇళ్ళలో దీపావళి ప్రమిదలు ఇంకా కడిగి పెట్టని రోజు. మీరు ఈ కొండ మీద ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నారనుకోండి. పొద్దున్నే లేచి కాఫీ కలుపుకున్నారు. తూర్పున, ఫెదర్ నది లోయ వైపు ఆకాశం నారింజ రంగులో ఉంది. సూర్యోదయమే అనుకున్నారు. కాసేపటికి వాకిట్లో ఏదో టప్పుమని పడింది. వంగి చూస్తే అరచేయంత పైన్ బెరడు, అంచులు ఎర్రగా రగులుతోంది. పక్కనే మరొకటి. ఫోన్ తీసి చూశారు. ఏ హెచ్చరికా లేదు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళకే ఆ హెచ్చరికలు వస్తాయి, వాళ్ళలోనూ చాలామందికి రాలేదు.

నిప్పు పుట్టింది ఆరున్నర ప్రాంతంలో, పుల్గా అనే చిన్న పల్లె దగ్గర. 1921 నాటి కరెంటు లైను. టవరుకు తీగను వేలాడదీసే ఇనుప కొక్కెం దాదాపు వందేళ్ళు రాపిడికి అరిగి అరిగి ఆ పొద్దున తెగింది. కొండ సందుల్లోంచి దూకుతున్న గాలి ఆ నిప్పును తీసుకుపోయి ఊరి మీద చల్లింది. వాన ముఖం చూసి ఆరు నెలలు దాటిన నేల. ఎనిమిదింటికల్లా ఊళ్ళో ఒకే చోట కాదు, పదుల చోట్ల మంటలు. కొండ వెనక నుంచి వచ్చే మంటల వరుస ఇంకా రానేలేదు, దాని రవ్వలు మాత్రం ముందే వచ్చి చూరుల్లో దూరి కూర్చున్నాయి.

మీరు కారెక్కారు. దక్షిణంగా కిందికి దిగే దారులు నాలుగే: స్కైవే, నీల్, క్లార్క్, పెంట్జ్. ఊరంతా వాటి మీదే ఉంది. తొమ్మిది గంటలకి పట్టపగలు చిమ్మచీకటి. ముందు కారు బ్రేకు లైట్లు తప్ప ఏమీ కనపడటంలేదు. అద్దానికి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటోంది. పక్క వరసలో కారు వదిలేసి ఎవరో నడిచి పోతున్నారు. ఆ దారుల్లోనే ఎక్కడో స్కూలు బస్సు ఉంది. అందులో ఇరవై రెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. డ్రైవరు తన చొక్కా ముక్కలుగా చింపి నీళ్ళలో తడిపి పిల్లల ముక్కులకి పెట్టించాడు. అయిదు గంటలు పట్టింది వాళ్ళు బయటపడటానికి. కదలడానికి దారిలేక వందలమంది పార్కింగ్ స్థలాల మధ్యలో, చుట్టూ కాలేదేమీ లేని తారునేల మీద, గుంపుగా నిలబడి ప్రాణాలు దక్కించుకున్నారు. అలా బతికినవాళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి. ఊరు మళ్ళీ కట్టేటప్పుడు ఆ ఖాళీ నేల పాఠం పనికొచ్చింది.

85 మంది పోయారు. ఎక్కువమంది 65 ఏళ్ళు దాటినవాళ్ళు. చాలామంది తమ ఇళ్ళలోనే, ఇంటి గుమ్మాల దగ్గరే దొరికారు. 18,804 కట్టడాలు బూడిదయ్యాయి. ఆ పొగ మూడు గంటల దూరంలోని శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయి, వారం తర్వాత బే ఏరియాలో చాలా బడుల్ని మూయించింది. మా అక్క కొడుకు జీవితంలో మొదటిసారి ఎన్95 మాస్కు పెట్టుకున్నది కరోనాకి కాదు, ఈ పొగకి. నిప్పు పుట్టించిన లైను తాలూకు కరెంటు కంపెనీ 2020లో కోర్టులో 84 మరణాలకు నేరం ఒప్పుకుంది.

"ఇక్కడ చెట్లేవిరా?" అంది అక్క, ఊళ్ళోకి వచ్చాక.

నిజమే. అడవిలో ఊరు అని విని వచ్చాం. ఊరంతా బోసిగా ఉంది. ఆకాశం మరీ ఎక్కువగా కనిపిస్తోంది. కాలి నిలబడ్డ చెట్లు మీద పడతాయని లెక్కలేనన్ని కొట్టేశారు. మిగిలిన పైన్‌లు ఒంటరిగా, చాలా పొడుగ్గా నిలబడి ఉన్నాయి. ఇంకా ఏదో తక్కువగా అనిపించింది. కాసేపటికి గానీ తట్టలేదు. కరెంటు స్తంభాలు లేవు. అగ్ని తర్వాత ఊళ్ళో తీగల్ని నేలలోకి దింపారు. చాలా వీధుల్లో తల ఎత్తితే ఒక్క గీత కూడా లేని ఆకాశం.

ఒక వీధిలోకి తిరిగాం. ఎడమ పక్క కొత్త ఇల్లు, దాని పక్కన ఖాళీ స్థలం, ఇంకో ఖాళీ స్థలం, మళ్ళీ ఓ ఇల్లు. ఖాళీ స్థలాల్లో కాంక్రీటు దారి రోడ్డు నుంచి లోపలికి పోయి ఎక్కడా చేరకుండా ఆగిపోతుంది. ఒక చోట మూడు మెట్లు మిగిలాయి. పైన గుమ్మం లేదు. మెట్ల పక్కన ఎవరో నాటిన గులాబీ, దానంతటదే పెరిగి పూసింది. అక్క కారు ఆపి ఆ మెట్ల దగ్గర కొంచెంసేపు నిలబడింది. నేను పలకరించలేదు.

అగ్ని తర్వాత తీసిన ఫొటోల్లో ఒక వింత ఉంటుంది. ఇల్లు పూర్తిగా బూడిద, పొగగొట్టం ఒక్కటే మిగిలి ఉంటుంది. దాని పక్కనే పచ్చటి పైన్ చెట్టు, ఆకు కూడా కమలకుండా. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త జీవితమంతా ఈ వింత మీదే పనిచేశాడు. అడవి మంట ఇంటి మీదికి అలలా వచ్చి మింగేస్తే పక్కనున్న చెట్టు ముందే మాడిపోవాలి. చెట్టు పచ్చగా ఉండి ఇల్లు కాలిందంటే ఇంటిని కాల్చింది ఎగిరొచ్చిన రవ్వలు, అవి పడ్డచోట ఇంటివాళ్ళే పేర్చి పెట్టుకున్న సామాను. లేదా పక్కిల్లు. ఇల్లూ దాని చుట్టూ ఉన్న కొద్ది నేలా బాగుచేసుకుంటే ఎంతటి అడవి మంట వచ్చినా ఇల్లు నిలిచే అవకాశం ఉంటుందని ఆయన దశాబ్దాలుగా చెబుతూ వచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదనను, పట్టించుకున్నవాళ్ళు మాత్రం కొద్దిమందే.

కడుతున్న ఇల్లొకటి కనిపించింది. బయట పనివాళ్ళెవరూ లేరు. రోడ్డు మీద నిలబడే చాలాసేపు చూశాం. పైకప్పు ముదురు బూడిద రంగు రేకు. గోడకు చెక్క పలకలు వేసినట్టే కనిపిస్తుంది, దగ్గరగా చూస్తే అది సిమెంటు పలక. మన దగ్గర చూరు కింద వాసాలూ దూలాలూ బయటికి కనిపిస్తాయి, ఇక్కడ చూరు అడుగు భాగాన్ని మొత్తం మూసేశారు. కాలిఫోర్నియాలో 2008 నుంచి ఇలాంటి ప్రాంతాల్లో కట్టే ఇళ్ళకి ప్రత్యేక నిబంధనలున్నాయి, వాటిలో ఇదొకటి.

చూరు కింద గోడలో చేటంత జాలీ ఉంది. అటకకి గాలి ఆడటానికి. అక్క దాన్ని వేలితో చూపించింది.

"ఇదేరా. ఈ కంతలోంచే పోతాయట."

పాత ఇళ్ళలో ఈ జాలీ కన్నాలు పావు అంగుళం. చూడ్డానికి చిన్నవే గానీ, గాలికి ఎగిరొచ్చే రవ్వకి పావు అంగుళం సింహద్వారమే. లోపల అటకలో దుమ్ము, పాత పెట్టెలు, ఎండిన ఎలుక గూడు. ఒక్క రవ్వ చాలు. ఇల్లు లోపలి నుంచి కాలడం మొదలవుతుంది. బయట నిలబడ్డవాడికి ఇల్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కిటికీలు పగిలేదాకా. ఈ కొత్త జాలీ కన్నాలు జొన్నగింజ కూడా పట్టనంత సన్నం. వాన నీళ్ళు పోయే చూరు గొట్టాల మీద కూడా జాలీ మూత వేశారు, పైన్ ఆకులు లోపల చేరి ఎండకుండా.

ఇక కింద. గోడ చుట్టూ అయిదడుగుల మేర గులకరాయి పరిచారు. ఒక్క మొక్క లేదు, గడ్డిపోచ లేదు, చెక్కపొట్టు లేదు. ఇక్కడ ఈ పట్టీని జోన్ జీరో అంటారు. ప్యారడైజ్‌లో కొత్త ఇళ్ళకి ఇది తప్పనిసరి. రాష్ట్రమంతటా ప్రమాద ప్రాంతాల్లో పెట్టాలని 2020లోనే చట్టం చేశారు గానీ, దాని నిబంధనలు రాయడమే ఏళ్ళ తరబడి నలిగింది. ఇంటి గోడకి ఆనుకుని పూలమొక్క ఉండకూడదంటే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? అక్క ఆ రాళ్ళ వంక అలాగే చూసింది. ఆమె ఏం లెక్కపెట్టుకుంటోందో నాకు తెలుసు. వంటింటి కిటికీ కింద, చెక్క పందిరి మీద, పదేళ్ళుగా పెంచిన మల్లెతీగ. ఆ పందిరి గోడకి మేకులతో కొట్టి ఉంది.

చెక్క కంచె కూడా చూశాం. రోడ్డు వైపు నుంచి చెక్క పలకలతో వచ్చి, ఇంటి గోడ ఇక అయిదడుగులుందనగా ఆగిపోయింది. అక్కడి నుంచి ఇనుప గేటు. కంచె ఎక్కడో అంటుకుంటే పొడుగాటి వత్తిలా కాలుకుంటూ వచ్చి ఇంటికి నిప్పు అందిస్తుంది. ఆఖరి అయిదడుగులు ఇనుము పెడితే వత్తి అక్కడ తెగిపోతుంది. ఇంత చిన్న పని. నాకు ఆ గేటు దగ్గర ఆగి దాన్ని ముట్టుకోవాలనిపించింది.

"నీకు గుర్తుందా," అంది అక్క, "పాలెం అంటుకున్న రోజు?"

గుర్తులేకేం. నాకు ఆరేళ్ళు, తనకి పదకొండు. వైశాఖం ఎండ. మా వీధి చివర తాటాకు పాకలు, వాటి మధ్య మనిషి పక్కకి తిరిగితే గానీ నడవలేనంత సందు. మిట్టమధ్యాహ్నం కేకలు వినిపించాయి. అందరూ బిందెలతో బావి మీద పడ్డారు. మగవాళ్ళు తడిగోనెలు పట్టుకుని ఎవరి కప్పు మీదికి వాళ్ళు ఎక్కారు. కాలుతున్న ఇంటిని ఎవరూ ఆర్పడంలేదు. దాని పక్కిల్లు, ఆ పక్కిల్లు కాపాడుకుంటున్నారు. అది అప్పుడు నాకు అర్థంకాలేదు. నాన్న దోటీ తీసుకుని మా పశువుల పాక కప్పు మీది తాటాకులు లాగి పారేయడం మొదలుపెట్టాడు. నిప్పు ఇంకా మా దాకా రాలేదు. నాయనమ్మ అరుస్తోంది, వానలకి ముందు మళ్ళీ కప్పించడానికి డబ్బేదిరా అని. నాన్న ఆగలేదు. మా పాకకి అవతలే మా వీధి ఇళ్ళన్నీ మొదలవుతాయి. పాక బోడిదైపోయింది. నిప్పు అక్కడిదాకా వచ్చి ఆగింది.

గడ్డివామి ఇంటికి దూరంగా దొడ్డి చివర వెయ్యాలని ఆ ఊళ్ళో ఎవరికీ ఎవరూ చట్టం చేసి చెప్పలేదు.

ప్యారడైజ్ కాలిన తర్వాత ఏ ఇల్లు నిలిచింది, ఏది పోయింది అని పరిశోధకులు లెక్క తీశారు. 1997కి ముందు కట్టిన ఇళ్ళు వందకి పదకొండో పన్నెండో మిగిలాయి. ఆ తర్వాత కట్టినవి ముప్పై ఎనిమిది. కొత్తది కాబట్టి నిలిచిందన్నమాట కొంతవరకూ నిజం. ఎంత బాగా కట్టినా పక్కన మరీ దగ్గరలో ఇంకో ఇల్లు కాలితే మాత్రం నిలవడం కష్టమైంది. ఇల్లు కాలేటప్పుడు వచ్చే వేడి చెట్టు కాలినప్పటి వేడి లాంటిది కాదు, అది గంటల తరబడి ఉంటుంది, కిటికీ అద్దాలు పగలగొట్టి లోపలికి వస్తుంది. అంటే నా ఇంటికి పెద్ద ముప్పు అడవి కాదు, పక్కవాడి ఇల్లు. పక్కవాడికి ముప్పు నేను. ఒక్కడే లక్షలు పోసి కోట లాంటి ఇల్లు కట్టుకున్నా, పక్కవాడు చూరు కింద కట్టెలు పేరిస్తే ఆ కోటకి విలువలేదు. వీధి మొత్తం కలిసి చేస్తేనే వీధి నిలుస్తుంది. నేను ఈ ఊళ్ళో చూసినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది ఇదే. దీన్ని అధికారులు కాగితాల మీద ఎంత రాసినా, పక్కింటి తలుపు తట్టే మనిషి లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

ఇందుకే ఊరి చుట్టూ కూడా పని జరుగుతోంది. ఊరి పార్కుల సంస్థ అంచుల్లో ఉన్న భూములు కొని, దట్టమైన పొదలు తీసి, మేకల్ని మేపి, మంట నెమ్మదించే పట్టీగా ఉంచే ప్రయత్నం చేస్తోంది. ఆ రోజు ప్రాణాలు కాపాడిన తారునేల లాంటి ఖాళీ జాగాలు ఊరి చుట్టూ మాలలా ఉండాలని ఆలోచన. ఎటూ పోని సందులెన్నో ఉన్న ఊరు ఇది. వాటిని ఒకదానితో ఒకటి కలపాలని చూస్తున్నారు. రోడ్డు పక్కన పొడుగాటి స్తంభం మీద కొమ్ముల్లాంటి లౌడ్‌స్పీకర్లు చూశాం. ఇలాంటివి ఊళ్ళో 21 ఉన్నాయి. ఫోన్ పోయినా, టవర్లు కాలినా, ముసలాయనకి చెవుడున్నా వినిపించేంత గట్టిగా సైరన్ మోగుతుంది, తర్వాత ఖాళీ చెయ్యమని మనిషి గొంతు చెబుతుంది. సెల్‌ఫోన్ల దేశం తన ఊరిని కాపాడుకోవడానికి మళ్ళీ దండోరా దగ్గరికి వచ్చింది. అదే సరైన పని అని నేను నమ్ముతున్నాను.

ఒక పెద్దాయన తన ఇంటి ముందు దంతెతో పైన్ ఆకులు పోగుచేస్తున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం. ఆ కుప్ప చాలా పెద్దది. చెట్లు మూడు నాలుగే మిగిలినా ఆకులు ఇంతగా రాలుతున్నాయి. ఆయన దంతె ఆపలేదు.

కంటికి కనపడని సంగతి ఒకటుంది, నీళ్ళు. అగ్ని తర్వాత నేలలో భద్రంగా ఉన్న నీటి గొట్టాల్లో బెంజీన్ కనిపించింది. ఇళ్ళు కాలి కొళాయిలు తెగినప్పుడు గొట్టాల్లో ఒత్తిడి పడిపోయి, అవి బయటి పొగని లోపలికి పీల్చుకున్నాయి. ప్లాస్టిక్ గొట్టాలు వేడికి కరిగి తమ విషం తామే వదిలాయి. అంతకు ఏడాది ముందు సాంటా రోసాలోనూ ఇలాగే జరిగింది, అయినా చాలా ఊళ్ళకి ఈ సంగతి తెలీదు. నిలిచిన ఇళ్ళవాళ్ళు కూడా నెలల తరబడి సీసా నీళ్ళతో స్నానం, వంట చేసుకున్నారు. కాలిన ఊరికి తిరిగి వెళ్ళడం అంటే ఇల్లు కట్టడం ఒక్కటే అనుకునేవాళ్ళం. కొళాయి తిప్పితే తాగగలిగే నీళ్ళు రావాలి. అది మొదటి గడప.

రెండో గడప డబ్బు. దీని దగ్గర నాకు బాధ ఎక్కువ. పోయినవాళ్ళ కుటుంబాలకీ నష్టపోయినవాళ్ళకీ కరెంటు కంపెనీ 1,350 కోట్ల డాలర్ల నిధి ఇవ్వడానికి ఒప్పుకుంది, కానీ అందులో సగం ఆ కంపెనీ షేర్ల రూపంలో. ఇల్లు కాలినవాళ్ళు తమ ఇంటిని కాల్చిన కంపెనీ షేరు ధర ఎప్పుడు పెరుగుతుందా అని ఎదురుచూడాల్సి వచ్చింది. ఇంటికి తక్కువ బీమా చేయించుకున్నవాళ్ళు, మొబైల్ హోమ్ పార్కుల్లో ఉన్న పెద్దవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు చాలామంది వెనక్కి రాలేకపోయారు. 2020 జనాభా లెక్కల్లో ఈ ఊరు 4,764 మంది. ఆరేళ్ళ తర్వాత కూడా కట్టిన ఇళ్ళు మూడు వేల దరిదాపు. పోయినవి పదకొండు వేలు. ఊరికి మురుగు కాలువ లేదు, ప్రతి ఇంటికీ సొంత సెప్టిక్ ట్యాంకే. తక్కువ జాగాలో ఎక్కువ ఇళ్ళు, చిన్న అద్దె ఇళ్ళు కట్టడానికి అది అడ్డం. దాన్ని పరిష్కరించకుండా పాత జనం తిరిగి రారు. కొత్తగా వచ్చినవాళ్ళు వస్తారు. ఊరు లెక్కల్లో పెరుగుతుంది. ఆ మెట్ల దగ్గరి గులాబీ నాటిన మనిషి మాత్రం ఆ లెక్కలో ఉండకపోవచ్చు.

అయినా వచ్చినవాళ్ళున్నారు. ఇక్కడివాళ్ళు 2023లో లహైనా కాలినప్పుడు, 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ పక్కన ఆల్టడీనా, పసిఫిక్ పాలిసేడ్స్ కాలినప్పుడు వాళ్ళకి తమ అనుభవం చెప్పారు. ఏ కాగితం ముందు అడగాలి, నీళ్ళు ఎప్పుడు నమ్మాలి, ఏడవడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలి. కాలిన ఊరు చెప్పే మాట కాలిన ఊరికే సరిగ్గా వినిపిస్తుంది.

మధ్యాహ్నం క్లార్క్ రోడ్డు మీదుగా కిందికి దిగాం. అక్క ఏమీ మాట్లాడలేదు. ఓరోవిల్ దాటాక ఒక్క ప్రశ్న వేసింది: "నాన్న ఆ పాక మళ్ళీ ఎప్పుడు కప్పించాడురా?" నాకు గుర్తులేదు. తనకీ లేదు. ఆ ఏడు వానాకాలంలో గేదెలు పక్కింటివాళ్ళ కొట్టంలో ఉన్నాయని మాత్రం ఇద్దరికీ గుర్తుంది.

ఇంటికి చేరేసరికి నాలుగున్నర. అక్క చెప్పులు కూడా విప్పకుండా గ్యారేజీలోంచి టేపు తీసుకొచ్చింది. ఒక కొస నా చేతికిచ్చి గోడకి ఆనించమంది. వంటింటి కిటికీ కింద నేను వంగి పట్టుకున్నాను. ఆమె అయిదడుగులు లాగి, ఆ చివర మడమతో గడ్డిలో గీత గీసింది. మల్లెపందిరి ఆ గీతకి లోపల ఉంది. తులసి కుండీ ఉంది. కరివేపాకు కుండీలు రెండు, గోడకి నిలబెట్టిన పాత తలుపు, ఎండిన మల్లె ఆకులు. కుండీలు ఇద్దరం మోసి పెరటి చివర పెట్టాం. తలుపు ఈడ్చుకెళ్ళి పారేశాం. పందిరి దగ్గర అక్క కొంచెంసేపు నిలబడింది. కత్తెర తెచ్చి కూడా తీగని పైన కత్తిరించకుండా, కింద మొదలు దగ్గర మట్టితో సహా తవ్వడం మొదలుపెట్టింది. ఇంకోచోట పెడుతుందట. పట్టుకుంటుందో లేదో. మేకులు నేను పీకాను. నాలుగు మేకులు. ఒకటి విరిగి గోడలోనే ఉండిపోయింది.

ఇక కంచె. ఇంటి పక్కగోడ దాకా వచ్చి దానికి ఆనుకుని నిలిచిన చెక్క కంచె. ఆఖరి రెండు పలకలు మేం విప్పేయొచ్చు, కాని ఆ కంచె సగం మాది, సగం పక్కవాళ్ళది. అవతలి వైపు ఏం పేర్చి ఉందో పలకల సందులోంచి చూశాం. చలికాలం కోసం కట్టెలు. నడుము ఎత్తున, సరిగ్గా వాళ్ళ చూరు కింద, ఈ కంచెకి ఆనించి.

పధ్నాలుగేళ్ళలో వాళ్ళింటికి అక్క ఎన్నిసార్లు వెళ్ళిందని అడిగాను.

"రెండుసార్లు," అంది. "ఒకసారి వాళ్ళ పిల్లి పోయినప్పుడు. ఒకసారి మన దీపావళి మిఠాయిలు ఇవ్వడానికి."

చేతులకి అంటిన మట్టి పైటకొంగుకే తుడుచుకుంది. ఫోన్ టార్చి వేసుకుంది. గాలికి వాకిట్లో ఆకులు చక్రంలా తిరుగుతున్నాయి. నేను టేపు చుట్టుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాను. అక్క పక్కింటి మెట్లెక్కి గంట నొక్కింది. లోపల కుక్క మొరిగింది. వరండా దీపం వెలిగింది.